విద్యార్థుల తాత్విక చర్చలు అరగంటకే ఎందుకు ఆగిపోతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏడెనిమిది మంది కాలేజీ విద్యార్థులు వారానికోసారి కూర్చుని ‘ఆధునిక జీవితం మనిషిని ఒంటరిని చేసిందా’, ‘డబ్బుంటే ఆనందం ఉంటుందా’, ‘సోషల్ మీడియా స్వేచ్ఛ ఇచ్చిందా, లాక్కుందా’ లాంటివి మాట్లాడుకుంటున్నారు. మొదట్లో ఉత్సాహంగా సాగింది, ఇప్పుడేమో అరగంటకే గొడవన్నా అవుతోంది, లేదా ఎవరో ఒకరు ‘ఎవరి అభిప్రాయం వాళ్లది’ అనేసి ఫోన్ తీసుకుంటున్నారు. ఏ పుస్తకాలు చదివితే చర్చ బాగుపడుతుంది, ఎవరైనా లెక్చరర్‌ని పిలిచి కూర్చోబెట్టుకోవాలా అని మీ సందేహం.

పుస్తకాల సంగతి తర్వాత చెప్తాను, ప్రస్తుతానికి మీ ఇబ్బంది అది కాదు. చాలా ఏళ్లుగా కాలేజీ పిల్లలతో ఇలాంటి చర్చలు నడుపుతున్నాను, బాగా చదివినవాళ్లు కూర్చున్న గదిలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ గొడవ పెద్ద పెద్ద పేర్లతో జరుగుతుంది, అంతే తేడా. ఒకసారి మీరు ఎంచుకున్న ప్రశ్నలు మళ్లీ చదవండి. అవన్నీ వ్యాసరచన పోటీకి పెట్టే శీర్షికల్లా ఉన్నాయి. వాటికి అవునన్నా, కాదన్నా చెప్పినవాళ్లకి పోయేదేమీ లేదు. పోయేదేమీ లేని ప్రశ్న ముందు పెడితే మనుషులు ఆలోచించరు, ఏదో ఒక పక్షం ఎంచుకుని దాన్ని కాపాడుకుంటారు. ఇక అక్కడినుంచి చర్చ ఎటు పోతుందో మీకే తెలుసు.

ఒంటరితనం ప్రశ్ననే తీసుకుందాం. ఒకరు అంటారు, వెనకటి రోజుల్లో ఇంటినిండా మనుషులు ఉండేవాళ్లు, ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు తెరలు చూసుకుంటున్నారు అని. ఇంకొకరు అంటారు, ఆ ఇంటినిండా ఉన్న జనం మధ్యలోనే తన మాట చెప్పుకోవడానికి ఒక్కరూ దొరకనివాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో, ఇవాళ అలాంటివాళ్లు ఎక్కడో దూరాన ఉన్న తమలాంటివాళ్లని వెతుక్కోగలుగుతున్నారు అని. ఇద్దరూ అరగంట వాదించుకుంటారు. నిజానికి వాళ్లు ఒకరినొకరు కాదన్నది ఏమీ లేదు. ఒకరు చుట్టూ ఎంతమంది ఉన్నారని లెక్కపెడుతున్నారు, ఇంకొకరు మనసు విప్పడానికి ఎవరున్నారని చూస్తున్నారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. చుట్టూ మనుషులు తగ్గి, మనసు విప్పే చోట్లు పెరిగి ఉండొచ్చు, లేదా రెండూ తగ్గి ఉండొచ్చు, ఆ లెక్క గదిలో కూర్చుని తేల్చగలిగింది కాదు.

ఇలాంటి ప్రతి ప్రశ్నలోనూ మూడు రకాల తగవులు కలిసిపోయి ఉంటాయి. లోకంలో అసలు ఏం జరుగుతోంది అనేది ఒకటి. మనం వాడుతున్న మాటకి మన మనసులో ఉన్న అర్థం ఏమిటి అనేది ఇంకొకటి. అది మంచిదా, చెడ్డదా, దానికోసం ఏం వదులుకోవచ్చు అనేది మూడోది. మొదటిది లెక్క తేల్చే పని, దానికి సర్వేలు, కొలతలు కావాలి, గొంతు పెంచితే తేలదు. రెండోది ఓపికగా మాట్లాడితే చాలావరకు తేలిపోతుంది. మూడోదే మీరు నిజంగా కూర్చోవాల్సిన చోటు, కానీ చాలామంది అక్కడిదాకా వెళ్లకుండానే అలిసిపోతారు. ఇంకో చిక్కేమిటంటే, మనం మొదటిదాంట్లోంచి మూడోదాంట్లోకి మనకే తెలియకుండా జారిపోతాం. డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త 1740లో ఈ సంగతి పట్టుకున్నాడు: రచయితలు ‘ఇది ఇలా ఉంది’ అని చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ‘ఇది ఇలా ఉండాలి’ అనేస్తారు, మధ్యలో ఆ మెట్టు ఎలా ఎక్కారో మాత్రం చెప్పరు అని. మీ తర్వాతి చర్చలో ఎవరైనా ‘ఇప్పుడు అందరూ ఇలాగే ఉన్నారు కదా’ అన్నప్పుడు గమనించండి, ఆ ‘కదా’లో ఈ జారుడు ఉంటుంది.

కాబట్టి నడిపే మనిషికి ఉండాల్సిన పని ఒక్కటే. మాట వేడెక్కినప్పుడు ఆపి, ‘ఇది లెక్క తేల్చేదా, మాట తేల్చేదా, విలువ తేల్చేదా’ అని అడగడం. లెక్కదైతే ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి, ఎవరికైనా ఆసక్తి ఉంటే వచ్చే వారానికి వెతుక్కొస్తారు. ‘ఒంటరితనం పెరిగిందనే అనుకుందాం, అయితే ఏమిటి?’ అని ముందుకు వెళ్లొచ్చు. అప్పుడు ప్రశ్న మారుతుంది. సొంత సంపాదన, సొంత గది, ఎన్నింటికి వచ్చావని అడిగేవాళ్లు లేని జీవితం చాలామంది కోరుకుంటారు. అడిగేవాళ్లు లేకపోవడమే స్వేచ్ఛ, జ్వరం వచ్చిన రాత్రి అదే ఒంటరితనం. ఒకటే వస్తువు, రెండు వైపులు. మరి ఎవరూ ప్రశ్నించని జీవితం కోసం మీరు ఎంత ఒంటరితనాన్ని ఒప్పుకుంటారు? మీ పనులన్నిటి మీదా కన్నేసి ఉంచే, కానీ ఎప్పుడూ తోడుండే మనుషులు కావాలా? ఇలా అడిగితే ఉపన్యాసం ఇవ్వడం కష్టం, ఎందుకంటే ఏ జవాబు చెప్పినా ఏదో ఒకటి వదులుకోవాలి.

ఫోన్ ప్రశ్న ఇంకా బాగుంటుంది, మీ వయసువాళ్లతో దీన్ని పట్టుకుంటే చాలా దూరం వెళ్లొచ్చు. ‘సోషల్ మీడియా స్వేచ్ఛ ఇచ్చిందా’ అనొద్దు. ఇలా అడగండి: రాత్రి పదింటికి ఒక్క వీడియో చూద్దామని ఫోన్ తీశారు, పన్నెండున్నరకి పక్కన పెట్టారు. ఆ రెండున్నర గంటలు మీరు కోరుకున్నవేనా? ఎవరూ బలవంతపెట్టలేదు, ప్రతి వీడియోకీ వేలు కదిపింది మీరే, అంటే కోరుకున్నారనే చెప్పాలి. కానీ పొద్దున లేచాక ‘ఛ, అనవసరంగా చూశాను’ అనుకున్నదీ మీరే. ఈ ఇద్దరిలో అసలు మీరెవరు?

హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే అమెరికన్ తత్వవేత్త 1971లో రాసిన ఒక వ్యాసం సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. మనిషికి కోరికలు ఉండటం వింత కాదు, జంతువులకీ ఉంటాయి, కానీ ‘ఈ కోరిక నాకు ఉండకపోతే బాగుండును’ అని తన కోరిక గురించే ఇంకో కోరిక పెట్టుకోగలగడమే మనిషి ప్రత్యేకత అంటాడు. మత్తుమందుకు బానిసలైన ఇద్దరిని ఊహించమంటాడు. ఇద్దరూ మందు తీసుకుంటారు. ఒకడు ఆ కోరికని అసహ్యించుకుంటూ, దానితో పెనుగులాడి ఓడిపోయి తీసుకుంటాడు. ఇంకొకడికి తన కోరికల గురించి ఏ పట్టింపూ లేదు, ఏది లాగితే అటు పోతాడు. బయటినుంచి చూస్తే ఇద్దరూ చేసింది ఒకటే. లోపల మాత్రం మొదటివాడు తన ఇష్టానికి వ్యతిరేకంగా లాగబడ్డాడు, రెండోవాడికి అలా లాగబడ్డానన్న స్పృహే లేదు.

ఇక్కడితో ఆపేస్తే అది పాఠం అవుతుంది, చర్చ కాదు. దీని మీద దాడి చేయనివ్వండి. ‘నాకు రీల్స్ చూడటం ఇష్టం, పొద్దున ఏ పశ్చాత్తాపమూ లేదు’ అనే మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టేనా? పొద్దున కలిగే ఆ పశ్చాత్తాపం మాత్రం సొంతదేనా, లేక చిన్నప్పటినుంచి పెద్దవాళ్లు తిట్టగా తిట్టగా లోపల కూర్చున్న గొంతా? సాధారణంగా పిల్లలంతా పొద్దుటి మనిషే అసలు మనిషి అని ఒప్పేసుకుంటారు, ఎందుకంటే అది మంచి జవాబులా వినిపిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు, మామూలుగా అంతవరకూ నోరు విప్పనివాళ్లు, ‘పొద్దుటి నేను పరీక్ష భయం. రోజంతా ఇంకొకళ్ల కోసం బతికి, నాకోసం మిగిలింది ఆ రెండు గంటలే, అదే అసలు నేను’ అంటారు. అలాంటి మాట వచ్చాక ఎవరూ గడియారం చూడరు. ఈ మాటకి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర తేలికైన జవాబు లేదు, నా దగ్గరా లేదు. కోరిక గురించి పెట్టుకున్న ఆ పై కోరిక నాదే అని ఎలా తెలుస్తుంది, దానికి ఇంకో పై కోరిక కావాలా అనే అభ్యంతరం తత్వవేత్తలు కూడా ఆయన మీద వేశారు.

సమాజం వైపు తిప్పాలంటే ఇదే ప్రశ్నకి ఇంకో అంకం ఉంది. వేలితో తోసేకొద్దీ అంతం లేకుండా కిందికి సాగిపోయే తెరని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తర్వాత దాని ఫలితాలు చూసి బాధపడ్డానని బహిరంగంగానే చెప్పాడు. అంతకుముందు పేజీ చివర ఒక ఆగే చోటు ఉండేది, అక్కడ ‘ఇంకా చూడాలా’ అని ఒక్క క్షణం అనుకునేవాళ్లం. ఆ క్షణాన్ని తీసేయడం మన స్వేచ్ఛని తగ్గించడమేనా? వెంటనే ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా: పత్రికల్లో సీరియల్ రాసేవాళ్లు ప్రతి భాగాన్నీ ఉత్కంఠ దగ్గర ఆపి వచ్చే వారం మళ్లీ కొనేలా చేయలేదా, దానికీ దీనికీ తేడా ఏమిటి అని. నా వరకు తేడా ఉంది. సీరియల్ రచయిత అందరికీ ఒకే కథ రాశాడు, మీరొక్కరు ఎక్కడ బలహీనపడతారో ప్రతి నిమిషం కొలిచి ఆ కొలతకి తగ్గట్టు కథని మార్చుకోలేదు. తెలివైన అమ్మకందారుడు కూడా మన ముఖం చూసి మాట మారుస్తాడు కదా అని పిల్లలు నన్ను చాలాసార్లు నిలదీశారు. నిజమే, కానీ ఆ అమ్మకందారుడి ముఖం మనమూ చూస్తాం. ఈ విషయంలో నేనైతే నా మాట మార్చుకోలేదు. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

డబ్బు, పని గురించి మాట్లాడాలంటే ‘డబ్బుతో ఆనందం కొనగలమా’ అనే ప్రశ్నని దయచేసి పక్కన పడేయండి. దాని మీద ప్రతి ఒక్కరి దగ్గరా తయారుగా ఒక సూక్తి ఉంటుంది, అదే దాని రోగం. జాన్ మేనార్డ్ కీన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1930లో ఒక జోస్యం చెప్పాడు: వందేళ్లలో మనుషులు ఎంత సంపన్నులవుతారంటే వారానికి 15 గంటలు పనిచేస్తే చాలు, ఆ తర్వాత అసలు సమస్య ఖాళీ సమయాన్ని ఏం చేసుకోవాలన్నదే అని. 2030 దగ్గరపడింది. సంపద పెరుగుతుందన్న భాగం అభివృద్ధి చెందిన దేశాల్లో దాదాపు నిజమైంది, 15 గంటల భాగం కాలేదు. ఎందుకు కాలేదన్నది ఆర్థికవేత్తలు చూసుకుంటారు. మీకు పనికొచ్చేది ఆయన అదే వ్యాసంలో అవసరాల గురించి చేసిన ఒక విభజన. పక్కవాళ్లు ఎలా ఉన్నా సరే మనకి కావాల్సినవి కొన్ని: తిండి, ఇల్లు, ఆరోగ్యం. పక్కవాళ్లకంటే పైన ఉన్నామని అనిపించుకోవడానికి కావాల్సినవి ఇంకొన్ని. మొదటి రకానికి అంతు ఉంటుంది, రెండో రకానికి ఉండకపోవచ్చు.

విద్యార్థులకి ఇది ఎవరూ వివరించనక్కర్లేదు, మీరు అందులోనే ఉన్నారు. వెయ్యిమంది రాసే పరీక్షకి వంద సీట్లు ఉన్నాయనుకోండి. అందరూ రోజుకి రెండు గంటలు ఎక్కువ చదవడం మొదలుపెట్టారు. ర్యాంకులు దాదాపు అవే, సీట్లు అవే వంద, పోయింది మాత్రం వెయ్యిమంది రెండు గంటలు. ఇందులో తప్పు చేసింది ఎవరు? ఏ ఒక్కరినీ పట్టుకుని ‘నువ్వు తక్కువ చదవాల్సింది’ అనలేం, ఒంటరిగా తగ్గించుకున్నవాడే నష్టపోతాడు. ఎవరూ తప్పు చేయకుండానే అందరూ నష్టపోయే ఏర్పాటు ఉన్నప్పుడు బాధ్యత ఎవరిది? కొందరు వెంటనే ‘వ్యవస్థది’ అంటారు. వ్యవస్థ అంటే ఎవరో పేరు పెట్టి చెప్పమనండి, ఆ మాట అంత తేలిగ్గా వదలొద్దు. ఇంకొకరు ‘ఆ రెండు గంటల్లో జ్ఞానం పెరిగిందిగా, నష్టం ఎలా’ అంటారు, అది మంచి అభ్యంతరం. చదివింది ర్యాంకు కోసమైతే వచ్చిన జ్ఞానం మిగులుతుందా అనేది దాని తర్వాతి మెట్టు. ఈ ఒక్క ఉదాహరణతో ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఆనందం గురించే మాట్లాడాలని పట్టుదల ఉంటే రాబర్ట్ నోజిక్ అనే అమెరికన్ తత్వవేత్త 1974లో పెట్టిన ఊహ ఒకటి చాలు. ఒక యంత్రానికి కలుపుకుంటే కోరుకున్న అనుభవాలన్నీ వస్తాయి, అవి నిజం కావన్న సంగతి లోపలికి వెళ్లాక గుర్తుండదు. వెళ్తారా? చాలామంది ‘వెళ్లం’ అంటారు, అంటే మనకి ఆనందం ఒక్కటే చాలదు, నిజం కూడా కావాలి అని తేల్చేసుకుని సంతోషపడతారు. అప్పుడు తిప్పి అడగండి: మీరు ఇప్పటికే ఆ యంత్రంలో ఉన్నారు, ఈ స్నేహితులు, ఈ ఇల్లు అంతా దాని తయారీయే, బయటికి వస్తారా? ఇందాక నిజం కావాలన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు తడబడతారు. అంటే ఇందాక మనం కాపాడుకున్నది నిజాన్నా, లేక మనకి అలవాటైన జీవితాన్నా?

ఇక చాట్‌జీపీటీ లాంటివాటి గురించి మీరు ఎలాగూ మాట్లాడతారు. 2022 నవంబర్లో అది జనంలోకి వచ్చినప్పటినుంచి నేను చూసిన చర్చల్లో ముప్పావు వంతు ‘ఉద్యోగాలు పోతాయా’ అనే చోటే ఇరుక్కుపోయాయి, అది మళ్లీ లెక్క తేల్చే ప్రశ్న. ఇది పెట్టి చూడండి: స్నేహితుణ్ని బాధపెట్టారు, క్షమాపణ చెప్పాలి, మాటలు రావడం లేదు. యంత్రంతో రాయించి పంపారు. అతను చదివి కరిగిపోయాడు, మళ్లీ కలిసిపోయారు. ఏమైనా లోటు జరిగిందా? లేదన్నవాళ్లని అడగండి, యంత్రం రాసిందని తర్వాత అతనికి తెలిస్తే బాధపడతాడా, పడితే ఆ బాధ అర్థం లేనిదేనా? ఉందన్నవాళ్లని అడగండి, దుకాణంలో ముందే అచ్చయి ఉన్న గ్రీటింగ్ కార్డు ఇస్తే అదే లోటు ఉందా? చదువురానివాళ్లు వేరేవాళ్లతో ఉత్తరం రాయించుకున్న రోజులు ఉండేవి, అప్పుడు? క్షమాపణలో విలువైనది మాటలా, ఆ మాటలు వెతుక్కోవడానికి మనం పడ్డ అవస్థా?

ప్రశ్నల సంగతి ఇంతే, ఇక గొడవల సంగతి. వాదించుకోవడం ఎలా అన్నదాని మీద మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం వాళ్లు చేసినంత పని తక్కువమంది చేశారు. వాళ్లు చర్చని మూడు రకాలుగా విడదీశారు: నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాళ్లది పడగొట్టడమే పనిగా పెట్టుకునేది వితండ. మీ గుంపులో మూడో రకం మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు, తెలివైనవాళ్లే అయి ఉంటారు కూడా. వాళ్లని తిట్టొద్దు, ‘సరే, మరి నీ మాట ఏమిటి’ అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగండి చాలు.

వాదనలో ఓడిపోయే స్థానాలని కూడా వాళ్లు 22 రకాలుగా లెక్కకట్టారు, నిగ్రహస్థానాలు అంటారు. అన్నీ మీకు అక్కర్లేదు, రెండు చాలు. మతానుజ్ఞ అని ఒకటుంది: తన మీద వచ్చిన తప్పుకి సమాధానం చెప్పకుండా ‘నువ్వు మాత్రం తక్కువా’ అని అదే తప్పు ఎదుటివాళ్ల మీద వేయడం. ‘ఫోన్ గురించి నువ్వు చెప్తున్నావా, నువ్వు రోజుకి ఎన్ని గంటలు చూస్తావు?’ అనేది సరిగ్గా అదే. అలా అన్నారంటే తన మీద పడ్డ తప్పుని ఒప్పుకున్నట్టే లెక్క. అననుభాషణం అని ఇంకొకటి: ఎదుటివాళ్లు చెప్పింది సభకి అర్థమయ్యేలా మూడుసార్లు చెప్పినా, దాన్ని తిరిగి చెప్పలేకపోవడం. నాకు బాగా నచ్చినది ఇది. దీన్ని మీ నియమంగా పెట్టుకోండి. ఎవరినైనా కాదనాలంటే ముందు వాళ్ల మాటని మీ మాటల్లో చెప్పాలి, వాళ్లు ‘అవును, నేనన్నది అదే’ అన్నాకే మీ ఖండన మొదలవ్వాలి. మొదటి రెండుసార్లు నవ్వులాటగా ఉంటుంది, చిరాకు కూడా వస్తుంది, చర్చ సగం వేగంతో నడుస్తుంది. కానీ గొడవల్లో చాలాభాగం అక్కడే ఆవిరైపోతుంది, ఎందుకంటే తిరిగి చెప్పబోయేసరికి తాము విన్నది వేరని వాళ్లకే తెలిసిపోతుంది.

బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో ఒక సందర్భం ఉంది, ఇది మీ గుంపులో ఎవరో ఒకరికి చెప్పాల్సి రావొచ్చు. మిలిందుడనే గ్రీకు రాజు నాగసేనుడనే భిక్షువుని వాదానికి పిలుస్తాడు. పండితుల్లా మాట్లాడతానంటే వస్తాను, రాజుల్లా అంటే రాను అంటాడు నాగసేనుడు. తేడా ఏమిటంటే, పండితులు చిక్కుముళ్లు వేసుకుంటారు, విప్పుకుంటారు, తప్పు బయటపడితే ఒప్పుకుంటారు, కోపం తెచ్చుకోరు. రాజు ఒక మాట అన్నాక కాదన్నవాడికి శిక్ష పడుతుంది. స్నేహితుల గుంపులో శిక్షలు ఉండవనుకోవద్దు. ఎక్కిరింపు ఒక శిక్షే, ఆ మాటని తర్వాత వాట్సాప్ గ్రూపులో పెట్టి నవ్వుకోవడం ఇంకా పెద్ద శిక్ష.

ఇంకో సంగతి, మొదట ఎవరు మాట్లాడతారన్నది మీరనుకునేదానికంటే ఎక్కువ ముఖ్యం. సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో చేసిన ప్రయోగాల్లో, గీతల పొడవు పోల్చడం లాంటి చిన్న విషయంలో కూడా, చుట్టూ ఉన్నవాళ్లంతా కావాలని తప్పు జవాబు చెప్తుంటే దాదాపు మూడో వంతు జవాబులు ఆ తప్పు వైపే ఒరిగాయి. కళ్లముందు ఉన్న గీత విషయంలోనే అలా ఉంటే జీవితానికి అర్థం ఏమిటి లాంటి వాటిలో ఎలా ఉంటుందో ఊహించండి. కానీ అదే ప్రయోగంలో, గుంపులో ఒక్కరు నిజం చెప్పినా, లేదా జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోనిచ్చినా, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. అందుకే ప్రశ్న చెప్పగానే అందరూ ఐదు నిమిషాలు నోరు మూసుకుని తమ జవాబు రాసుకోవాలి. బాగా మాట్లాడేవాళ్లు చివర్లో చదవాలి.

‘ఎవరి అభిప్రాయం వాళ్లది’ అనే మాటకి వస్తే, అది ముగ్గురు మూడు కారణాలతో అంటారు. అలిసిపోయి అనేవాళ్లకి విరామం ఇవ్వండి. నిజంగా నమ్మి అనేవాళ్లతో మాట్లాడండి: ఏ అభిప్రాయం పెట్టుకునే హక్కు అయినా అందరికీ ఉంది, కానీ హక్కు ఉన్నంత మాత్రాన ఆ అభిప్రాయం సరైనది అయిపోదు. ‘నాకు నీలం రంగు ఇష్టం’ అనేదానికి కారణాలు అక్కర్లేదు. ‘తల్లిదండ్రులు పిల్లల ఫోన్లు రహస్యంగా చూడొచ్చు’ అనేదానికి కావాలి, ఎందుకంటే దాని ఫలితం ఇంకొకళ్ల మీద పడుతుంది. మూడో కారణం భయం, లేదా నొప్పి. ఇది గుర్తుపట్టడం నేర్చుకోండి. పేదరికం, మతం, విడిపోయిన తల్లిదండ్రులు, మానసిక ఆరోగ్యం, ఇవి మీకు విషయాలు కావొచ్చు, గదిలో ఒకరికి అది సొంత ఇల్లు. వాళ్లు తమంతట తాము చెప్తే వినండి, ‘నీకు అనుభవం ఉంది కదా, నువ్వు చెప్పు’ అని మాత్రం ఎప్పుడూ అనొద్దు. అలాంటప్పుడు ఎవరైనా ‘ఎవరి అభిప్రాయం వాళ్లది’ అని తప్పుకుంటే తర్కంతో వెంటపడటం తెలివితక్కువతనం.

పుస్తకాలు. మొదటి కొన్ని నెలలు చదవొద్దనే చెప్తాను, లేదా ఒక్క పేజీ మించి చదవొద్దు. ముందే చదివొస్తే మీరు ఆ రచయిత ఏమన్నాడో చెప్పడం మొదలుపెడతారు, మీకేమనిపించిందో కాదు. చర్చలో ఇరుక్కుపోయిన తర్వాత చదివితే అదే పేజీ వేరుగా కనిపిస్తుంది, ఈ మనిషి కూడా ఇక్కడే ఇరుక్కున్నాడే అని. పేర్లు చెప్పి నోరు మూయించే అలవాటు ఎవరికైనా ఉంటే, పేరు తీసేసి వాదన ఒక్కటే చెప్పమనండి.

లెక్చరర్ విషయం. ఇప్పుడే వద్దు. ఎంత మంచివారైనా, వారు గదిలో ఉంటే అందరూ ఎదుటి విద్యార్థితో కాకుండా వారి ముఖం చూస్తూ మాట్లాడతారు, చివర్లో సరైన జవాబు వారు చెప్తారని ఎదురుచూస్తారు. కొన్నాళ్లు పోయాక పిలవాలనిపిస్తే పిలవండి, కానీ ముందే అడగండి: మిగతావాళ్లలాగే ఐదు నిమిషాలు కాగితం మీద రాసుకుని, అందరికంటే చివర చదవడానికి ఒప్పుకుంటారా అని. ఒప్పుకుంటే వాళ్లకోసం ఆ క్షమాపణ మెసేజ్ ప్రశ్న అట్టేపెట్టండి, అందులో వాళ్లకీ మీకూ ఒకే అనుభవం ఉండదు కాబట్టి బాగుంటుంది.